యూనిపోలార్ తీగా, బైపోలార్ తీగా? గుండె ఆపరేషన్ తర్వాత ఏది మేలు?

గుండె ఆపరేషన్ అయ్యి ఐసీయూకి వచ్చినవాళ్ల ఛాతీ కింది నుంచి దారమంత సన్నటి తీగలు బయటికి వేలాడుతుంటాయి. వాటిని చూస్తే బంధువులకు టెన్షన్, మాకు ధైర్యం. గుండె నాలుగు రోజులు మొరాయించినా, బయటున్న పేస్‌మేకర్ డబ్బా ఆ తీగల గుండానే దాన్ని కొట్టిస్తుంది. 1957లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో సర్జన్ లిల్లెహై మొదలుపెట్టిన పద్ధతి ఇది. లోపల స్టీలు పోగులు, పైన ప్లాస్టిక్ తొడుగు.

కరెంటు వెళ్లాక తిరిగి రావాలి కదా, ఆ తిరుగుదారి దగ్గరే తేడా. యూనిపోలార్‌లో రుణ ధ్రువం గుండె కండరంలో, ధన ధ్రువం చర్మం కింద ఉంటాయి. బైపోలార్‌లో రెండూ గుండె మీదే, పక్కపక్కనే.

యూనిపోలార్‌కి గుండెలో ఒక్క తీగ గుచ్చితే చాలు. డబ్బా కరెంటు పంపినప్పుడల్లా మానిటర్‌లో పడే గీత కూడా నిలువెత్తున కనిపిస్తుంది. కానీ ఆ గీతను నమ్మి కూర్చుంటే మోసపోతాం. దాని వెంటనే వెడల్పాటి క్యూఆర్‌ఎస్, అంటే జఠరికలు (గుండె కింది గదులు) స్పందించాయని చూపే ఈసీజీ అల, రాకపోతే గుండె పలకనట్టే. బైపోలార్ గీతనైతే ఒక్కోసారి వెతుక్కోవాలి. అందుకే తీగ ఏదైనా సరే, నాడి మీద వేలు పెట్టి లెక్కపెట్టడం నాకు అలవాటు.

అసలు చిక్కు సెన్సింగ్‌లో, అంటే గుండె సొంతంగా కొట్టుకోవడాన్ని డబ్బా పసిగట్టడంలో ఉంది. గుండె తనంతట తాను కొట్టుకుంటే డబ్బా ఊరుకోవాలి. యూనిపోలార్‌లో ధ్రువాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఛాతీ కండరాల కదలికలు, చుట్టూ ఉన్న యంత్రాల గోల కూడా దాని చెవిన పడతాయి. వాటినే గుండె చప్పుడనుకుని డబ్బా పేసింగ్ ఆపేస్తే, సొంత లయ లేని పేషెంట్‌కి అదే ప్రాణం మీదికి వస్తుంది. దగ్గర దగ్గర ధ్రువాలున్న బైపోలార్‌కి ఈ బెడద బాగా తక్కువ. జఠరికకైతే నా ఓటు దీనికే. పైగా రెండు ధ్రువాల్లో ఒకటి పనిచేయకపోతే, చర్మం కింద ఇంకో తీగ పెట్టి దీన్నే యూనిపోలార్‌గా వాడుకోవచ్చు.

మెడ నరం గుండా వేసే తీగ, ఛాతీ మీద అంటించే ప్యాడ్లు కూడా ఉన్నాయి. ప్యాడ్ల నొప్పి మెలకువగా ఉన్నవాళ్లు భరించలేరు, అవి అత్యవసరానికే. మెడ తీగ వేస్తే ఇన్ఫెక్షన్, జారిపోవడం అనే భయాలుంటాయి. ఛాతీ తెరిచి ఉన్నప్పుడే గుండెకు తీగ కుట్టడం వీటికంటే నయం.

రెండు రకాల తీగలకూ ఒకటే జబ్బు: గుచ్చిన చోట వాపు వచ్చి థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావాల్సిన కనీస కరెంటు) రోజురోజుకీ పెరుగుతుంది. అందుకే రోజూ కొలిచి, దానికి కనీసం రెట్టింపు అవుట్‌పుట్ పెడతాం. తీసేటప్పుడు మెల్లగా లాగుతాం. రాకపోతే బలం ఉపయోగించం, చర్మం దగ్గరే కత్తిరించి వదిలేస్తాం. తీశాక కొన్ని గంటలు బీపీ మీద కన్నేసి ఉంచాలి, ఎందుకంటే గుండె చుట్టూ రక్తం చేరితే అది పడిపోతుంది.