వేళాంగణి: మాతాకుళం నుంచి బసిలికా దాకా

తమిళనాడు తీరంలోని నాగపట్నంలో రైలు దిగి బస్సులో వేళాంగణి చేరిన యాత్రికులు చాలామంది తిన్నగా ఆరోగ్యమాతగా కొలిచే మరియమాత తెల్లని శిఖరాల బసిలికాకే (పోపు ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చికే) వెళ్తారు. మేము మాత్రం ముందు మాతాకుళానికి వెళ్లాము, అదే మంచిదనిపించింది. 16వ శతాబ్దంలో యజమానికి పాలు మోసుకెళ్తూ ఈ చెరువు పక్కన సేదతీరిన బాలుడిని బిడ్డనెత్తుకున్న ఒక తల్లి పాలు అడిగిందని, ఇచ్చి వెళ్లాక కుండ నిండి పొంగిందని ఇక్కడి విశ్వాసం. ఆ నీటిని భక్తులు ఈనాటికీ సీసాల్లో పట్టుకుని ఇళ్లకు తీసుకెళ్తారు.

అక్కడి నుంచి నడుతిట్టుకు వెళ్లాము. నడవలేని ఒక మజ్జిగ అమ్మే బాలుడికి ఆ తల్లి కనిపించి, నాగపట్నంలోని ఒక కథోలికుడికి కబురు చెప్పి రమ్మని పంపగా, అతడు లేచి నడిచాడని చెబుతారు. ఆ కబురుతోనే ఇక్కడ తొలి పూరిపాక గుడి వెలసింది. జనసందడి తక్కువగా ఉండే ఈ చిన్న మందిరంలోనే నాకు ప్రార్థన నిలిచింది.

17వ శతాబ్దంలో తుపానులో చిక్కి సెప్టెంబరు 8న ఈ తీరం చేరిన పోర్చుగీసు నావికులు, మొక్కు చెల్లించుకోవడానికి ఆ పాక స్థానంలో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గుడి కట్టారు. తరువాతి ప్రయాణాల్లో వారు తెచ్చిన పింగాణీ పళ్లేలు పీఠం దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. చీర కట్టుకుని, కిరీటం ధరించి, బాలయేసును ఎత్తుకున్న ఆరోగ్యమాత స్వరూపాన్ని చూస్తూ చాలామంది ఈ పళ్లేలను గమనించరు; దయచేసి ఒక్క నిమిషం ఆగి చూడండి. 1962లో 23వ జాన్ పోపుగారు ఈ దేవాలయానికి బసిలికా హోదా ఇచ్చారు.

బస విషయంలో మొదటి రాత్రి పొరపాటు చేశాము. బస్టాండు దగ్గరి ఒక ప్రైవేటు లాడ్జిలో వేడినీళ్లు ఉంటాయని చెప్పి అద్దె ఎక్కువ తీసుకున్నారు కాని, తెల్లవార్లూ చన్నీళ్లే వచ్చాయి. మరునాడు పుణ్యక్షేత్రంవారి వసతి గృహానికి మారాము. గది సాదాగా ఉన్నా శుభ్రంగా ఉంది, పూజకు నడిచి వెళ్లగలిగాము. ఆగస్టు 29న జెండా ఎత్తినది మొదలు సెప్టెంబరు 8 వరకు జరిగే ఉత్సవాలకు వెళ్లేవారు గది ముందే ఖాయం చేసుకోవాలి. మొక్కున్నవారు మోకాళ్లపై నడిచే ఇసుక బాటకు పెద్దవాళ్లను ఎండెక్కక ముందే తీసుకెళ్లండి.

చివరి సాయంత్రం సముద్రం ఒడ్డున గడిపాము. 2004 డిసెంబరు 26 ఉదయం, క్రిస్మస్‌కు వచ్చిన యాత్రికులెందరినో సునామీ ఈ తీరంలోనే పొట్టనబెట్టుకుంది. వారి కోసం ఒక జపమాల చెప్పుకుని బయలుదేరాము.