నాంపల్లి ఎగ్జిబిషన్ రివ్యూ: కొననీకి మూడు స్టార్లు, తిరగనీకి అయిదు

ముందే చెప్తున్న, హైదరాబాద్‌ల ఏటా పెట్టే ఈ నాంపల్లి ఎగ్జిబిషన్‌ల దొరికేదేదీ ఇప్పుడు అక్కడ మాత్రమే దొరికేది కాదు. కాశ్మీర్ శాలువా ఫోన్లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తది, లక్నో చికన్ కుట్టు పని కుర్తాలు ఏ మాల్‌కి పోయినా వేలాడుతుంటయి, ఖుర్జా పింగాణీ కప్పులు మా కాలనీ మెయిన్ రోడ్డు మీద తోపుడు బండిలో కూడా అమ్ముతున్నరు. అయినా జనవరి 1 రాంగనే ఊరంతా నాంపల్లి మొహం పడ్తది, ఫిబ్రవరి 15 దాకా అదే గోల, సంక్రాంతికి ఊరెళ్ళొచ్చినోళ్ళు కూడా బ్యాగులు ఇంట్లో పడేసి ఎగ్జిబిషన్ ఎప్పుడు పోదాం అంటరు. అందుకే దీన్ని షాపింగ్ అనుకొని మార్కులేస్తే అన్యాయం అయితది. నా లెక్కల ఇది సాయంత్రం టైమ్‌పాస్, దాంట్లో కొన్ని కొనుడు కూడా జరుగుతది, అంతే.

ఫస్టు దారి సంగతి. కార్ తీయకండి, దండం పెడ్త. ఆ చుట్టుపక్కల గల్లీలల్ల ఖాళీ జాగా కనిపిస్తే చాలు ఎవరో ఒకరు తాడు కట్టి పార్కింగ్ అంటరు, రేటు మన కార్ మొహం చూసి చెప్తరు, స్లిప్ మీద ఒకటి రాసుంటది, తీస్కునేది ఇంకొకటి. మా ఆయన మెట్రోలో పిల్లలతోని కష్టం అని పట్టుబట్టి కార్ తీస్కపోయిండు, పార్కింగ్ పైసలు మా నలుగురి టికెట్ల కన్నా ఎక్కువైనయి, నేనేం అనలే, అత్తమ్మ అన్నది. మియాపూర్ ఎల్‌బీనగర్ లైన్‌లో గాంధీభవన్ స్టేషన్ దిగితే నడక దూరం, నాంపల్లి స్టేషన్ దిగినా ఓకే. ఒక్కటే జాగ్రత్త, రాత్రి వాపస్ వచ్చేటప్పుడు టికెట్ కౌంటర్ కాడ లైన్ మెట్ల దాకా ఉంటది, కాబట్టి కార్డు అన్న పెట్టుకోండి, ఫోన్లో టికెట్ అన్న తీస్కోండి. ఎగ్జిబిషన్ రోజుల్లో రైళ్ళు కొంచెం లేటు దాకా నడుపుతుంటరు గానీ ఆ ధైర్యంతోని ఆఖరి దాకా కూర్చోకండి.

లోపలికి టికెట్ 2025ల 50 రూపాయలు ఉండె, అంతకు ముందు 40. చిన్న పిల్లలకి ఫ్రీ. ఏ రైడ్ ఎక్కినా మళ్ళీ వేరే టికెట్. సాయంత్రం నాలుగు అట్ల మొదలైతది, పదిన్నర దాకా ఉంటది, శని ఆదివారాలు ఇంకొంచెం ఎక్కువ. ఆదివారం మాత్రం పోవద్దు. ఆదివారం అక్కడ మనం నడవం, జనమే మనల్ని నడిపిస్తది, ఒక స్టాల్ చూద్దామని ఆగితే వెనకాలోళ్ళు ఇంకో నాలుగు స్టాళ్ళు అవతలికి తీస్కపోయి దింపుతరు. మంగళారం, బుధారం బెస్టు. మొదటి వారం పోతే సగం స్టాళ్ళకి ఇంకా మేకులు కొడ్తుంటరు, ఖాళీ రేకులు చూసి రావాలె. సంక్రాంతి దాటినంక నిండుగ ఉంటది. బేరం బాగా కుదరాలంటే ఫిబ్రవరి రెండో వారం, సరుకు మళ్ళీ లారీకెక్కించుకొని అంత దూరం మోసుకపోవుడు వాళ్ళకి ఇష్టం ఉండదు కదా, అప్పుడు రేటు దిగుతది, కాకపోతే మంచి రంగులు అప్పటికే ఎవరో ఎగరేసుకపోయి ఉంటరు, మనకు మిగిలేది ఆవాల రంగు, ఇటుక రంగు.

అత్తమ్మ వాళ్ళ నాయన చెయ్యి పట్టుకొని ఇక్కడికొచ్చేదంట, గిర్రలు, గాజులు, బాల్చీలు తప్ప ఏం గుర్తు లేదంటది. ఇది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, ఉస్మానియాల చదువుకున్న కొందరు గ్రాడ్యుయేట్లు స్థానికంగా తయారైన వస్తువులు జనానికి చూపెడదామని పెట్టిన్రు, 1946ల ఇప్పుడున్న గ్రౌండ్‌కి వచ్చింది. 47, 48 గడబిడల పెట్టలే, 49ల మళ్ళీ మొదలైంది. 2019 జనవరి 30 రాత్రి పెద్ద అగ్గి అంటుకొని చానా స్టాళ్ళు కాలిపోయినయి, పాపం ఏడాది సంపాదన అక్కడే బూడిదైనోళ్ళున్నరు, అయినా కొన్ని రోజుల్లనే మళ్ళీ తెరిచిన్రు. ఇప్పుడు ఫైరింజిన్లు లోపలే నిలబెడుతున్నరు, చూసి కొంచెం ధైర్యం అనిపిస్తది. 2021ల కరోనాకి మాత్రం అసలే లేదు, ఆ ఏడు జనవరి మా ఇంట్లో ఎవ్వరికీ తోచలే. ఇంకొకటి, టికెట్ పైసలన్నీ ఎవరి జేబులోకో పోవు, దీన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ చానా కాలేజీలు నడుపుతది, పక్కనే ఉన్న సరోజినీనాయుడు వనితా కాలేజీ వాళ్ళదే. మా వదిన అక్కడ్నే చదివింది, అందుకే బజ్జీలు తిన్నప్పుడల్లా విద్యాదానం చేస్తున్నా అంటది. బజ్జీల బండోడికి ఇచ్చింది సొసైటీకి ఎట్ల పోతదే అని అడిగితే కిరాయి కడ్తడు కదా అంటది. సరే అని ఊకున్న.

ఇగ అసలు సరుకు. కాశ్మీర్ స్టాళ్ళు లేకపోతే ఎగ్జిబిషనే లేదు. చలికాలం వాళ్ళ దగ్గర మంచు పడి యాపారం ఉండదు, అందుకని ఇటొస్తరు, కొందరైతే తాతల కాలం నుంచి అదే వరసల కూర్చుంటున్నరు. "ప్యూర్ పష్మీనా, ఆఠ్ సౌ" అని అరుస్తుంటరు చూడండి, ఆ ఎనిమిదొందలది పష్మీనా కాదు. అసలు పష్మీనా లడఖ్ ఎత్తుల మీద పెరిగే చాంగ్‌థాంగీ మేకల లోపలి ఉన్ని దువ్వి తీసి, చేత్తో వడికి, చేత్తో నేసేది, దాని ధర వేలల్లనే ఉంటది. ఉంగరంలకెళ్ళి శాలువా సర్రున తీసి చూపిస్తరు, మనం నోరు తెరుస్తం, పల్చటి సిల్కు ఏదైనా ఉంగరంలకెళ్ళి వస్తది, సన్నగ ఉంటే విస్కోస్ గూడ వస్తది, అది పరీక్షే కాదు. అట్లని కొనొద్దని కాదు నేననేది. పష్మీనా అని కాకుండా మామూలు ఉన్ని శాలువా అనుకొని, ఆరీ పని ఉన్నది చూసి తీస్కుంటే ఆ రేటుకి చక్కటి సరుకు. ఆరీ అంటే కొక్కెంతోని గొలుసు గొలుసుగా కుడ్తరు, తొందరగ అయితది కాబట్టి చవక. సోజ్నీ అని సూదితోని సన్నగ చేసేది ఉంటది, దానికి నెలలు పడ్తది, అది చూపిస్తే చూసి, దండం పెట్టి, పక్కకి జరగండి. నేను మెరూన్ మీద ఆరీ పనిది తీస్కున్న, వాడుతున్న, బాగుంది.

బేరం విషయంల మా అత్తమ్మని చూసి నేర్చుకోవాలె. అందరోల్లె సగం అడిగి నడిచిపోయినట్టు యాక్షన్ చెయ్యదు. పోయి స్టూల్ మీద కూర్చుంటది. మోకాళ్ళు నొస్తున్నయి అంటది, నీళ్ళు అడుగుతది, "బేటా, ఏ ఊరు మీది, మంచు పడ్తుందా ఇప్పుడు, పిల్లలు ఎంతమంది, ఎవరు చూసుకుంటున్నరు వాళ్ళని" అని సగం తెలుగు సగం ఉర్దూల పంచాయితీ పెడ్తది. ఆ పిలగాడు కూడా ఫోన్ తీసి బిడ్డ ఫోటో చూపించిండు. అంతా అయినంక, "బోలో బేటా, సహీ రేట్ బోలో" అంటది. ఇంక అతను పన్నెండొందలని ఎట్ల చెప్తడు, అతని నోట్ల అతనికే ఏడొందలు వచ్చింది, అత్తమ్మ అయిదొందలు చేతుల పెట్టి తల మీద చెయ్యి వేసి వచ్చింది. పక్క స్టాల్ల అదే డిజైన్ ఆరొందల యాభైకి ఫిక్సెడ్ రేట్ బోర్డు ఉండె, నేను చూపెట్టలే, చూపెడితే ఇంకో పూట గెలిచిన కథ వినాలె. అయినా వినుడు తప్పలే అనుకోండి.

లక్నో చికన్ కుట్టు కుర్తా కొంటే బట్టని తిప్పి వెనక చూడండి. చేత్తో కుట్టిందైతే వెనకాల ముళ్ళు, దారం కొసలు ఒక్కో చోట ఒక్కో తీరుగ ఉంటయి. అన్ని పువ్వులు అచ్చు గుద్దినట్టు ఒక్క తీరుగుంటే మిషన్‌ది. మిషన్‌ది తప్పేం కాదు, ఉతుకుడుకి గట్టిగ గూడ ఉంటది, కానీ చేతి పని రేటు ఇవ్వొద్దు. జైపూర్ దుప్పట్లోళ్ళు రంగు పోదు మేడమ్ గ్యారంటీ అంటరు, ఆ గ్యారంటీ ఫిబ్రవరి 15 దాకనే, ఆ తర్వాత ఎక్కడ వెతుకుతం వాళ్ళని. మొదటిసారి వేరేగ నానబెట్టండి, మా ఇంట్లో గులాబీ రంగు బనియన్లు ఉన్నయంటే దానికి కారణం ఇట్లాంటి ఒక దుప్పటే.

కూరగాయలు కోసే మిషన్ డెమో చూడకుండా రాకండి, కొనకుండా రండి. మైకు మెడకు కట్టుకొని, క్యారట్‌ని పువ్వు చేస్తడు, ఆలుగడ్డని స్ప్రింగ్ చేస్తడు, నిమిషంల కీరాని దండ చేసి ముందు నిలబడ్డ ఆంటీ మెడల వేస్తడు. ఇంట్లో అదే మిషన్‌తోని వదిన క్యారట్ పెడితే ముద్దొచ్చింది. కళ మిషన్ల లేదు, అతని చేతుల ఉంది. ఖుర్జా కప్పుల కుప్పలు మాత్రం నాకు చానా ఇష్టం, కొంచెం వంకరున్నవి, పూత ఎగుడుదిగుడున్నవి కుప్ప పోసి చవకగ ఇస్తరు, ఏరుకునుడే మజా, ఒక్కటొక్కటి గోటితోని కొట్టి చూడండి, ఠంగ్ అంటే మంచిది, మొద్దుగ మోగితే పగులుంది. జైలు శాఖ స్టాల్ కూడా పెడ్తుంటరు, ఖైదీలు చేసిన సబ్బులు, ఫినాయిల్, బల్లలు, అక్కడ బేరం లేదు, అత్తమ్మకి ఆ స్టాల్ నచ్చదు.

తిండి. మిర్చి బజ్జీ బాగుంది, ఉల్లిగడ్డ నిమ్మకాయ వేసి వేడి వేడిగ. మొహమంత పెద్ద పాపడ్ మీద కారం చల్లి ఇస్తరు, రుచి మామూలే గానీ పిల్లలు దాన్ని అడ్డం పెట్టుకొని దాగుడుమూతలు ఆడ్తరు. రంజాన్ కాకపోయినా హలీం దొరుకుతది, చలిల అది ఒక ప్లేట్ తింటే ఇంకో రెండు వరసలు తిరిగే ఓపికొస్తది. కాశ్మీరీ కహ్వా అని ఒక టీ, కుంకుమ పువ్వు, బాదం పలుకులు వేసిచ్చిన్రు, మా ఆయన తాగి "షర్బత్ వేడి చేసిన్రా" అన్నడు. నాకైతే నచ్చింది. చాట్ బండ్ల కాడ రేట్లు ఎక్కువ, బయట ఆ రేటుకి రెండు ప్లేట్లొస్తయి. నీళ్ళ బాటిల్ ఇంట్లకెళ్ళి తెచ్చుకోండి.

రైడ్లల్ల జెయింట్ వీల్ కన్నా మౌత్ కా కువా, అంటే చావు బావి, బెస్టు. చెక్క పలకల బావి, పైన అంచు కాడ మనం నిలబడ్తం, కింద నుంచి బైకులు, కార్లు గోడ మీద అడ్డంగ తిరుక్కుంట పైకొస్తయి, పలకలన్నీ గడగడ ఊగుతుంటయి, ఎవరో పది రూపాయల నోటు చాపితే బైకోడు చేతులొదిలేసి గుంజుకపోతడు. స్పీడు తగ్గితే కింద పడ్తడు, గోడకి అంటుకొని ఉండేదే ఆ స్పీడుతోని. మా చిన్నోడు ఫిజిక్స్ చెప్తుంటే అత్తమ్మ కండ్లు మూసుకొని హనుమాన్ చాలీసా చదువుకుంది. ఆమెకి నచ్చింది చిన్న రైలు, గ్రౌండ్ అంతా చుట్టి తీస్కొస్తది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళకి ఇంతకన్నా మంచి బేరం లేదు, ముందు అది ఎక్కించండి, ఏ వరసల ఏముందో కూర్చున్న చోటనే తెలిసిపోతది. లేడీస్ కోసమని ఒక రోజు వేరేగ పెడ్తుంటరు, ఏ రోజో పేపర్ల వస్తది, కాలేజీ పిల్లలందరూ ఆ రోజే వస్తరు.

మైకుల అనౌన్స్‌మెంట్లు ఫ్రీ ఎంటర్‌టైన్‌మెంట్. తప్పిపోయిన పిల్లల గురించి అయితే మనసు చివుక్కుమంటది గానీ, సగం తప్పిపోయేది పెద్దోళ్ళే. ఫలానా వారు ఎక్కడున్నా వెంటనే అజంతా గేట్ దగ్గరికి రావలెను, మీ భార్య గారు ఎదురు చూస్తున్నరు అని వస్తది, కాసేపటికి మళ్ళీ అదే పేరు, ఈసారి గొంతు కొంచెం గట్టిగ. లోపల సిగ్నల్ దొరుకుడు కష్టం, కాబట్టి పోంగనే ఫలానా గేటు కాడ, ఫలానా టైముకి అని చెప్పుకోండి, చిన్న పిల్లల చేతి మీద ఫోన్ నంబర్ పెన్నుతోని రాయండి. మొదట అంతా చూసి తర్వాత కొందాం అనుకునేటోళ్ళకి ఒక మాట, ఆ స్టాల్ మళ్ళీ దొరకదు. పైన నంబర్ ఉంటది, ఫోటో తీస్కోండి.

చివరి వారం ఇంకోసారి పోతం. వదినకి కప్పుల సెట్టుల రెండు తక్కువైనయంట, అత్తమ్మ ఆ కాశ్మీర్ పిలగాడికి సకినాలు కట్టిస్త అంటుంది. ఈసారి మెట్రోనే.