నిలబడి చూసేవాళ్ల కోసమే పుట్టిన లెన్స్: 70–300తో నా అనుభవం

2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో జరిగిన అంతర్జాతీయ నౌకాదళ సమీక్షకు వచ్చే యుద్ధనౌకలను ఫొటో తీయాలన్న కోరికతోనే ఈ 70–300 ఎం.ఎం. జూమ్ లెన్స్ కొని, కడపలో రైలెక్కాను. పగలంతా తీసిన నౌకల ఫొటోలు నన్ను నిరాశపరిచాయి. సముద్రం మీది మసకలో అవి బూడిదరంగు గీతల్లా పడ్డాయి. అంత దూరాన్ని ఏ లెన్సూ శుభ్రం చేయలేదు కాబట్టి ఆ తప్పును దీనిమీద వేయను.

అసలు సంగతి పొద్దు గుంకాక తెలిసింది. ఆర్.కె. బీచ్ తూర్పు ముఖంగా ఉంటుంది కాబట్టి, సాయంత్రం సముద్రం వైపు చూసేవాళ్ల ముఖాల మీద ఎండ పడదు. లంగరేసిన నౌకలకు దీపాలు వెలిగేసరికి ఆ ముఖాల మీద మిగిలింది ఆకాశపు వెలుగు మాత్రమే. జనం కిక్కిరిసి ఉండటంతో ట్రైపాడ్ నిలిపే చోటు లేదు. ఇక లాభం లేదనుకుంటూనే, మనవడిని చంకనెత్తుకొని నిలబడిన ఒక అవ్వను పక్కనుంచి 200 ఎం.ఎం. దగ్గర, సెకనులో ముప్పయ్యో వంతు వేగంతో, కెమెరా వెలుగును పట్టే సున్నితత్వాన్ని (ఐఎస్‌వో) 3200కు పెంచి తీశాను. సాధారణంగా అంత జూమ్‌కు చేతి వణుకు ఫొటోలో కనబడకుండా ఉండాలంటే కనీసం సెకనులో రెండువందలో వంతు వేగమైనా ఉండాలి. అయినా ఆమె కంటి చుట్టూ ఉన్న ముడతలు ఒక్కొక్కటీ స్పష్టంగా వచ్చాయి. వెనుక నౌక దీపాలు గుండ్రని చుక్కలై కరిగిపోయాయి. తెర చూపిస్తే, “నౌక ఏది బాబూ?” అని అడిగింది. ఆ చుక్కలే నౌక అని చెప్పినప్పుడు ఆమె నవ్విన నవ్వును కూడా తీశాను గానీ, తల కదలడంతో అది చెదిరిపోయింది.

ఊరికి వచ్చాక, ట్రైపాడ్‌తో పనిలేని లెన్స్ ఇది అని అందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత తగ్గించుకోవాలి. ఇందులోని స్టెబిలైజేషన్ నా చేతి వణుకును ఆపుతుందే తప్ప, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. రథసప్తమి నాడు దేవుని కడపలో చీకటిపడే వేళ రథం మోకు లాగుతున్నవాళ్లను అదే వేగంతో తీస్తే ఒక్క ముఖమూ నిలవలేదు. ఒంటిమిట్టలో రాత్రిపూట జరిగే సీతారాముల కల్యాణంలో మాత్రం, కన్నార్పకుండా కూర్చున్న భక్తుల ముఖాలు మళ్లీ విశాఖలో వచ్చినంత చక్కగా వచ్చాయి. వింతను చూసే మనిషి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఈ లెన్స్‌కు ఆ క్షణం చాలు.

ఇసుకను మాత్రం ఇది ఓర్చుకోలేదు. బీచ్ నుంచి తిరిగొచ్చిన వారానికే జూమ్ రింగ్ కరకరలాడింది. విప్పి శుభ్రం చేయించాక కూడా 200 దాటేచోట ఇప్పటికీ కొంచెం పట్టేస్తుంది. తీరప్రాంతంలో ఉండి రోజూ వాడేవారికి దీన్ని కొనమని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. నేను సముద్రానికి దూరంగా ఉండేవాణ్ని, ఏడాదికి నాలుగైదు ఉత్సవాలు తీసేవాణ్ని, వెలుగును ఎక్కువగా లోనికి రానిచ్చే 2.8 అపెర్చర్ ఉన్న పెద్ద లెన్స్ కొనే స్తోమత లేనివాణ్ని. నాకు ఇది సరిపోయింది. మళ్లీ విశాఖకు వెళితే దీన్నే తీసుకెళతాను, కాకపోతే ఈసారి ఇసుక చొరకుండా జూమ్ రింగ్‌కు ప్లాస్టిక్ సంచి చుట్టి.