పాత కట్టడానికి ఏ వాడుక మేలు: మ్యూజియమా, వసతిగృహమా, గ్రంథాలయమా?

ఖాళీగా పడి ఉన్న పాత బంగళానో, తాలూకా కచేరీనో, సత్రాన్నో కూల్చకుండా నిలుపుకోవాలంటే దాన్ని దేనికి వాడుకోవాలని కడప జిల్లాలోని చిన్న పట్టణాల మిత్రులు తరచూ అడుగుతున్నారు. ప్రభుత్వ కార్యాలయానికి ఇవ్వవచ్చు గానీ, సొంత భవనం రాగానే ఆ కార్యాలయం వెళ్లిపోతుంది. దుకాణ సముదాయమంటే దాదాపుగా కూల్చివేతే. తూచి చూడవలసినవి మిగిలిన మూడే.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ తలుపులు రోజూ తెరుచుకుంటాయా లేదా అన్నది. పాత మిద్దెలు తాళం పడ్డాకే పాడవుతాయి. పైన తూములో ఆకులు అడ్డుపడితే వాన నీరు మిద్దె మీదే నిలిచి, సున్నపు గచ్చులోకి ఇంకి, దూలాల కొసలను కుళ్లబెడుతుంది. పిట్టగోడ పగులులో వేలెడంత రావి మొక్క మొలిచినప్పుడు చేత్తో పీకేయవచ్చు. నాలుగేళ్లు వదిలేస్తే దాని వేరు గోడనే చీలుస్తుంది. మనుషులు మసలే చోట తొలి చెమ్మ మరక మర్నాడే ఎవరో ఒకరి కంట పడుతుంది.

మ్యూజియానికి సిబ్బంది, కాపలా, నిరంతర నిధులు కావాలి. పొలాల గట్ల మీద, గుడి వెనుక పడి ఉన్న విగ్రహాలకు నీడ అవసరమే గానీ, అందుకు కడపలో 1982 నుంచి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. చిన్న ఊళ్లో మ్యూజియం పెడితే, ఊరివారు ఒకసారి చూసి వెళ్లాక అది మళ్లీ తాళం వేసిన గదే అవుతుందని నా భయం.

వసతిగృహం డబ్బు తెస్తుంది, కాదనను. అయితే ప్రతి గదికీ స్నానాలగది కట్టి, సున్నపు గోడలను తొలిచి గొట్టాలు వేయాలి. ఊరివారికేమో లోపలికి వెళ్లే దారి మూసుకుపోతుంది. గండికోటలో పర్యాటకులకు హరిత హోటల్ వేరుగా కట్టారు. కోటలోని ధాన్యాగారాన్నో, మరో పాత కట్టడాన్నో గదులుగా విడగొట్టకపోవడమే మంచిదైంది.

నా మొగ్గు గ్రంథాలయం వైపే. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించి, తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఆ బంగళా శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటివారు పట్టుబట్టి విరాళాలు సేకరించడంతో అదే స్థలంలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలిసింది. తరువాత అది భాషా పరిశోధన కేంద్రంగా యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోకి వచ్చింది. అక్కడ దక్కింది స్థలమే గానీ కట్టడం కాదు కదా అని ఆక్షేపించేవారి మాటలో నిజం ఉంది. గోడలు నిలిచి ఉన్నప్పుడే ఆ పని మొదలై ఉంటే బంగళా కూడా మనకు మిగిలేదని నా నమ్మకం. అయినా ఒకప్పుడు ప్రతులు సరిచూసిన చోటే నేడు పాఠకులు పుస్తకం తెరుస్తున్నారు. చుట్టూ కంచె వేసి కాపాడిన ఏ గోడా ఇవ్వలేని కొనసాగింపు అది.

పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు స్థలం చూపితే పఠనమందిరం పొద్దున్నుంచి రాత్రి దాకా నిండుగానే ఉంటుంది. పుస్తకాల బీరువాలను మాత్రం పై అంతస్తులో పెట్టకూడదు, ఆ బరువును పాత దూలాలు మోయలేవు. కింది గదుల్లోనైనా చెమ్మ, చెద తగలకుండా గోడకు జానెడు దూరంలో ఉంచాలి. గోడలకు సిమెంటు పూత వేయిస్తే లోపలి తేమ బయటికి పోదు కనుక సున్నమే వాడాలి. భవనాన్ని అప్పగించే ఒప్పందంలోనే, తొలకరికి ముందు ఒకసారి, ఈశాన్య రుతుపవనాలకు ముందు మరోసారి మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో రాయించుకోవాలి.