సిరీస్‌లోనా, ప్యారలల్‌లోనా?

కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో పాతరకం ఫిలమెంట్ బల్బులు రెండు కొన్నామనుకుందాం: 60 వాట్లది ఒకటి, 100 వాట్లది ఒకటి. మన ఇళ్లలో వోల్టేజీ 230. దాని వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. చిన్నదానికి సుమారు 882 ఓములు, పెద్దదానికి 529.

ప్యారలల్ (దేనికదే విడిగా సప్లైకి కలపడం) లెక్క తేలిక. రెండింటికీ పూర్తి 230 వోల్టులు అందుతాయి, మొత్తం 160 వాట్లు. ఒకటి మాడినా రెండోది వెలుగుతుంది. ఇంటి వైరింగుకు నేనైతే మరో మాట ఒప్పుకోను.

అసలు అందం సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలపడంలో ఉంది. నిరోధాలు కలిసి 1,411 ఓములు, కరెంటు 0.163 ఆంపియర్లు. రెండింట్లోనూ అదే కరెంటు. దాని వర్గాన్ని నిరోధంతో గుణించి చూడండి: 60 వాట్లదానికి దాదాపు 23 వాట్లు, 100 వాట్లదానికి 14. చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది! పదో తరగతి పిల్లలు తడబడేది ఇక్కడే. (ఫిలమెంట్ వేడి తగ్గితే నిరోధమూ తగ్గుతుంది కనుక అంకెలు కాస్త మారతాయి, వరస మారదు.)

రిపేరు షాపుల్లో వాడే సిరీస్ బోర్డూ (పరీక్షించే వస్తువుతో సిరీస్‌లో ఒక బల్బు ఉండే బోర్డు) ఇదే లెక్క. షార్టయిన మిక్సీని దానికి తగిలిస్తే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు మాత్రం పోదు.