ప్యాకేజీ వివరణ ఎక్కడ ఉంటే మేలు: ప్యాకేజీ లోపలా, రిపాజిటరీలోనా?

హనుమకొండలో మా దగ్గర లినక్స్ ప్యాకేజింగ్ నేర్చుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ అడిగే ప్రశ్న ఒకటుంది: సాఫ్ట్‌వేర్‌ను పరిచయం చేసే వివరణ, ట్యాగులు ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేయడానికి కట్టగట్టిన ఫైల్) లోపలే ఉండాలా, రిపాజిటరీలో (ప్యాకేజీలను డౌన్‌లోడ్‌కు ఉంచే నిల్వలో) వేరే ఫైల్‌గా ఉండాలా? పేరు, వెర్షన్, డిపెండెన్సీల (పనిచేయడానికి కావలసిన ఇతర ప్యాకేజీల) సంగతిలో సందేహం లేదు. అవి లేనిదే ఇన్‌స్టాల్ కాదు కనుక లోపలే ఉండాలి. చర్చంతా మనిషి చదువుకోవడానికి రాసే మాటల గురించే.

లోపల ఉంచడంలోని బలం చిన్నది కాదు. నెట్ సరిగా అందని ములుగు వైపు బడికి పెన్‌డ్రైవ్‌లో ఒక్క డెబ్ ఫైల్ (డెబియన్ అనే లినక్స్ రకం వాడే ప్యాకేజీ) తీసుకెళ్లినా, డీపీకేజీ కమాండ్‌తో దాని లోపలి కంట్రోల్ ఫైల్‌లోని వివరణ మొత్తం అక్కడే చదువుకోవచ్చు. ఫెడోరా వంటి లినక్స్ రకాలు వాడే ఆర్‌పీఎం ప్యాకేజీ కూడా సారాంశాన్నీ వివరణనూ తన హెడర్‌లోనే పెట్టుకుంటుంది.

అయినా నా దృష్టిలో ముందు చూడవలసింది వేరు: తప్పు దొర్లితే దిద్దేది ఎవరు, ఎంత శ్రమతో? గత వేసవిలో మేము తయారుచేసిన తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వివరణలో ‘ఒత్తులు’ అని ఉండవలసిన చోట ‘ఓత్తులు’ అని పడింది. ఆ ఒక్క అక్షరం కోసం చేంజ్‌లాగ్‌లో (మార్పుల చిట్టాలో) కొత్త పద్దు రాసి, వెర్షన్‌ను 1.2-1 నుంచి 1.2-2కు పెంచి, మళ్లీ బిల్డ్ చేయవలసి, అంటే ప్యాకేజీని కొత్తగా తయారుచేయవలసి వచ్చింది. ఫాంట్లలో ఒక్క గీత మారకపోయినా ల్యాబులోని కంప్యూటర్లన్నీ ప్యాకేజీ మొత్తాన్ని మళ్లీ డౌన్‌లోడ్ చేసుకున్నాయి. ఆ తప్పు పట్టుకున్నది ఒక తెలుగు ఉపాధ్యాయురాలు. బిల్డ్ చేయడం ఆమె పని కాదు. మామూలు టెక్స్ట్ ఫైల్ ఒకటి చేతికిస్తే నిమిషంలో తానే దిద్దేవారు.

డెబియన్ అనువాద వివరణలను భాషకొక ట్రాన్స్‌లేషన్ ఫైల్‌గా రిపాజిటరీలోనే విడిగా ఉంచుతుంది. ప్రతి అనువాదాన్నీ దాని ఇంగ్లీషు మూలం ఎండీ5 చెక్‌సమ్‌తో (పాఠం నుంచి లెక్కకట్టే, పాఠం మారితే తానూ మారే గుర్తుతో) ముడివేస్తుంది. మూలం మారితే ఆ ముడి తెగిపోయి, కాలం చెల్లిన తెలుగు వివరణ బదులు కొత్త ఇంగ్లీషు వివరణే కనిపిస్తుంది. బయట పెడితే భద్రత ఉండదన్న భయం కూడా అక్కరలేదు, ఎందుకంటే డిజిటల్ సంతకంతో వచ్చే రిలీజ్ ఫైల్‌లో ఈ ట్రాన్స్‌లేషన్ ఫైళ్ల చెక్‌సమ్‌లు కూడా ఉంటాయి.

యాప్‌స్ట్రీమ్ అనే ఉమ్మడి పద్ధతిలో సాఫ్ట్‌వేర్ రాసినవారే మెటాఇన్ఫో అనే వివరణ ఫైల్ ఇవ్వడం మూడో దారి. ఒకసారి రాస్తే డెబియన్‌కూ ఫెడోరాకూ పనికొస్తుంది, కానీ దిద్దుబాటు తరువాతి విడుదల దాకా ఆగాలి. వికీ పేజీలో రాసిపెట్టే పద్ధతి ప్యాకేజీ మేనేజర్‌కు (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాంకు) కనిపించదు కనుక దాన్ని వదిలేయవచ్చు.

ఇప్పుడు మా రిపాజిటరీలో ఒక్క వాక్యం ఇంగ్లీషు సారాంశం ప్యాకేజీ లోపల, పూర్తి తెలుగు వివరణ విడి ఫైల్‌లో ఉంటున్నాయి. పెన్‌డ్రైవ్ ఊళ్లకు వెళ్లేటప్పుడు ఆ ఫైల్‌ను కూడా డెబ్ పక్కనే కాపీ చేసి పంపుతున్నాం.