పాత వీడియో గేమ్ పెట్టె: బాగుచేయడం మేలా, లోపలివన్నీ మార్చేయడం మేలా?

వీడియో గేమ్ షాపులు మూతపడ్డాక వాటిలోని పెట్టెలు చాలావరకు పాత సామాను కొట్లకి పోయాయి. మిగిలినవి ఏ గోడౌన్లోనో, మెట్ల కిందో దుమ్ము కొట్టుకుని పడున్నాయి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ తొంభైల్లో రూపాయి బిళ్ల వేసి ముస్తఫా గేమ్ ఆడిన పిల్లలకు ఇప్పుడు సొంత ఇళ్లున్నాయి, కారు షెడ్డులో కాస్త చోటుంది. అలాంటి పెట్టె ఒకటి చేతికొస్తే మొదట తేల్చుకోవాల్సింది, ఉన్నదాన్ని బాగుచేయాలా, పీకేసి కొత్తవి పెట్టాలా అని. నెల్లూరు వేదాయపాళెంలోని మా షెడ్డులో ఇప్పుడు నాకు అదే పని. నా అభిప్రాయం ముందే చెప్తాను. ట్యూబు, అంటే పాత టీవీల్లో ఉండే లావు గాజు తెర, బతికుంటే దాన్నే ఉంచండి. గేమ్ నడిపే సర్క్యూట్ బోర్డు విషయంలో మాత్రం నా ఓటు కొత్తదానికే. చెక్క సంగతి మన వాతావరణమే తేలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద తగాదా తెర దగ్గరే. క్యాప్‌కామ్ 1991లో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 గానీ, మనమంతా ముస్తఫా అని పిలుచుకున్న 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ గానీ, బొమ్మ మొత్తం అడ్డంగా 384, నిలువుగా 224 చుక్కలే. ట్యూబు మీద ఎలా కనబడుతుందో చూసుకుని గీసిన బొమ్మలవి. ట్యూబులో గీతకీ గీతకీ నడుమ సన్నని నల్ల చార ఉంటుంది, ఒక చుక్క రంగు పక్క చుక్కలోకి కాస్త పాకుతుంది. అందువల్లే ముఖం ముఖంలా, కండ కండలా కనిపిస్తుంది.

అదే బొమ్మను ఇప్పటి 1080 గీతల ఎల్సీడీ మీద నిండుగా సాగదీస్తే లెక్క సరిపోదు. 1080ని 224తో భాగిస్తే నాలుగు పైచిలుకు వస్తుంది. అంటే ఒక గీత ఐదు వరసలు మందం, పక్కది నాలుగే. బొమ్మ నిలకడగా ఉన్నంతసేపూ తెలియదు గానీ, తెర పైకీ కిందికీ జరిగేటప్పుడు అలలాగా వణుకు కనిపిస్తుంది. సరిగ్గా నాలుగింతలు చేస్తే 896 గీతలే నిండుతాయి, పైనా కిందా నల్లగా మిగిలిపోతుంది. తప్పనిసరిగా ఎల్సీడీ పెట్టాల్సి వస్తే కొత్త వెడల్పాటి టీవీ వద్దు. ఆఫీసుల్లోంచి తీసేసిన పాత 4:3 మానిటర్ వెతకండి. అందులో 1600×1200 రకం దొరికితే అదృష్టమే. 224కి ఐదింతలు 1120, దాదాపు నిండుగా వస్తుంది. కొలత కూడా పాత పెట్టె కంతకు దగ్గరగా ఉంటుంది, చెక్క కోయాల్సిన పనుండదు.

ఇంకో తేడా చేతికి తెలుస్తుంది. ఈ గేమ్‌లు సెకనుకు సుమారు 60 బొమ్మలు చూపిస్తాయి. ట్యూబు వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టే గీసేస్తుంది. చాలా ఎల్సీడీ టీవీలు దాన్ని లోపల దిద్ది, సాగదీసి, ఆ తర్వాత చూపిస్తాయి. గేమ్ మోడ్ పెట్టినా కొంత ఆలస్యం మిగలొచ్చు. రేసు గేమ్‌లో పట్టించుకోం గానీ, ఫైటింగ్ గేమ్‌లో దెబ్బ కాచుకోబోయేలోపే తగిలేస్తుంది. ఇక తుపాకీ పెట్టి కాల్చే గేమ్ అయితే అసలు చర్చే లేదు. ఆ పాత తుపాకులు ట్యూబు మీద కదిలే వెలుగుని బట్టి గురి తెలుసుకుంటాయి, ఎల్సీడీ ముందు పనిచేయవు.

ఎల్సీడీ వైపు బలం లేదని కాదు. బరువు తక్కువ, వేడి తక్కువ, కరెంటు తక్కువ. అన్నిటికీ మించి ప్రాణభయం లేదు. ట్యూబు వెనక రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసినా ఆ చార్జి చాలాసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. మెయిన్ కండెన్సర్‌లోనూ చార్జి అలాగే నిలవొచ్చు. వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునే పని కాదిది. ట్యూబు టీవీలు రిపేరు చేసిన పాత మెకానిక్‌ని పిలవండి. వాళ్లు తగ్గిపోతున్నారు, అయినా స్టోన్‌హౌస్‌పేట, ట్రంకురోడ్డు వైపు అడిగితే ఎవరో ఒకరు చెప్తారు. నా పెట్టెకి వచ్చిన పెద్దాయన వెనక తలుపు తీసి, టార్చి వేసి, ట్యూబు మెడ చూసి, "బతికే ఉంది అబ్బయ్యా, దీన్నెందుకు తీసేస్తావు?" అన్నాడు.

ఆయన చూసింది మెడ లోపలి గాజుకు అంటుకున్న పూత. అది అద్దంలా మెరుస్తుంటే లోపల గాలి లేనట్టు. పాలలా తెల్లబడితే గాలి దూరింది, ఆ ట్యూబు పని అయిపోయింది. తెర నడుమ ఒకే ఒక్క అడ్డగీత వెలుగుతుంటే భయపడొద్దు, అది బొమ్మను నిలువుగా పరిచే వర్టికల్ సెక్షన్ తప్పు, బాగవుతుంది. బొమ్మ అంచులు వంకరపోయినా, అడ్డంగా మసక పట్టీలు పాకుతున్నా ఎక్కువగా ఎండిపోయిన కండెన్సర్ల వల్లే. అవన్నీ ఒకేసారి మార్చేస్తే సగం పెట్టెలు లేచి కూర్చుంటాయి. ట్యూబుకి హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ (ఎల్.ఓ.టి.) పోతే మాత్రం సరైన నంబరుది దొరకాలి, నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లాల్సిందే. ఆన్ చేశాక ఎంతసేపటికీ బొమ్మ మసకగానే ఉండి, స్క్రీన్ నాబ్ తిప్పితే గీతలు తప్ప వెలుగు రాకపోతే ట్యూబు ముసలిదైపోయినట్టు. అప్పుడు ఎల్సీడీకి మారడంలో తప్పేమీ లేదు. మానిటర్‌ని మెయిన్ కరెంటు నుంచి వేరుచేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్ని మాత్రం ఎవరు చెప్పినా తీసేయనివ్వకండి.

బోర్డు దగ్గర నా లెక్క వేరే. అసలు బోర్డు అంటే నాకూ గౌరవమే. కానీ మన షాపుల్లో తిరిగినవాటిలో నకళ్లు చాలా ఉండేవి, పైగా ఒక బోర్డు అంటే ఒక గేమ్. క్యాడిలాక్స్ అసలు బోర్డు దొరికిందంటే ఇంకో టెన్షన్: లోపలి రహస్య సమాచారాన్ని ఒక చిన్న బ్యాటరీ కాపాడుతుంటుంది, అది చచ్చిపోయేలోపు మార్చుకోకపోతే గేమ్ సరిగా నడవదు. ఇంట్లో పిల్లలు, చుట్టాలు నాలుగు రకాలు ఆడుకోవాలంటే రాస్‌ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ గానీ, చాలా గేమ్‌లు కలిపి వచ్చే బోర్డు గానీ మేలు. ఈ రెండింట్లో నేను రాస్‌ప్‌బెర్రీ వైపే మొగ్గుతాను. కలిపి వచ్చే బోర్డు పెట్టగానే ఆడుతుంది, నిజమే. కానీ చాలావాటిలో శబ్దం అక్కడక్కడా తేడా కొడుతుంది, లోపలి సాఫ్ట్‌వేర్ మార్చుకోవడం కష్టం. రాస్‌ప్‌బెర్రీకి తగిన అడాప్టర్ పెడితే అది ట్యూబుకి కావాల్సిన 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్ నేరుగా ఇస్తుంది. గేమ్ ఫైళ్లకి కాపీరైట్ ఉంటుంది, అమ్మకానికి ఉన్నవి కొనుక్కుని వాడటమే పద్ధతి.

ఏది పెట్టినా ఒక్క పని చేయకండి: బోర్డుని తెరకీ బటన్లకీ కలిపే జామా వైర్లు కోయకండి. 1985లో జపాన్‌లో ఈ పద్ధతి వచ్చాక 56 పిన్నుల ఒకే కనెక్టర్‌తో బోర్డు తీసి బోర్డు పెట్టుకోవచ్చు. అడాప్టర్ కూడా ఆ కనెక్టర్‌లోకే ఎక్కుతుంది. రేపు అసలు బోర్డు దొరికితే వెనక్కి పోవడానికి దారి ఉంటుంది. మన సముద్రపు గాలికి ఆ కాంటాక్టుల మీద పచ్చగా చిలుము పడుతుంది. తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే బోర్డే పాడైందనుకున్న తప్పులు కొన్ని దానికదే పోతాయి. బోర్డుకి అందే ఐదు వోల్టుల్ని పవర్ సప్లై దగ్గర కాకుండా బోర్డు అంచున కొలవండి. 4.75కి తగ్గకూడదు, 5.25 దాటకూడదు.

బటన్లు, జాయ్‌స్టిక్‌ల గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మైక్రోస్విచ్‌లు కొత్తవి వేసేయండి, పాతవి దాచుకోండి. ఇనుప ప్యానెల్‌కీ కాయిన్ డోర్‌కీ ఎర్త్ వైరు తప్పనిసరి, చెమట చేతులతో పట్టుకునేవి అవే కదా.

చెక్కకి వచ్చేసరికి, చెక్క పీచుని అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలక చవకే, రంగు కూడా నున్నగా పడుతుంది. కానీ అక్టోబరు, నవంబరు వానలకి షెడ్డు నేల చెమ్మెక్కితే అడుగు అట్టలా ఉబ్బిపోతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ దిగదు. కుళ్లిన పక్క పలకల స్థానంలో ఐ.ఎస్. 710 గుర్తున్న మెరైన్ ప్లై వేయించండి, కోసిన అంచులకి ప్రైమర్ పట్టించండి. పాత పలక గట్టిగా ఉంటే మాత్రం మార్చొద్దు, చెదలు తిన్న అడుగు భాగం వరకే కోసి అతికించే వడ్రంగిని వెతకండి. బొమ్మల స్టిక్కరు మిగిలి ఉన్న పలక అయితే మరీనూ. పెట్టె కింద నాలుగు అంగుళాల ఎత్తు దిమ్మలు గానీ చక్రాలు గానీ ఉండాలి. తీసేసిన బోర్డునీ పాత స్విచ్‌లనీ యాంటీస్టాటిక్ కవర్లో సిలికా జెల్ ప్యాకెట్‌తో చుట్టి, ఏది ఎక్కడిదో పేరు రాసి, నేల మీద కాకుండా ఇంట్లో అటక మీద పెట్టించండి.